చెవికొక పలక

జకార్తా,
12 జూన్ 1994

పెదనాన్నకి,

ఓం స్వస్త్యస్తు. మీకు కోపం తెప్పించే మాట ముందే చెప్పేస్తే ఆ తరవాత హాయిగా రాసుకోవచ్చు. మీరు పనసచెక్కతో చేసిచ్చిన స్పీకరు పెట్టెలు రెండూ ఇప్పుడు పాడటం లేదు. ఒకదాని మీద బియ్యం డబ్బా ఉంది. రెండోదాని మీద కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తప్పు నాది కాదు, గోడలది. నా గది నాలుగో అంతస్తులో ఉంది. గోడలు అప్పడాల్లా ఉంటాయి. పక్కింటాయన తుమ్మితే ఇటునుంచి నేను "చిరంజీవ" అనాలి. చేరిన వారంలో ఆఫీసునుంచి రాగానే, సాయంత్రం ఐదింటికి, మన పక్క పేట వాళ్ళ గామెలాన్ కంచు మేళం క్యాసెట్ పెట్టుకునేదాన్ని. మీరు రెండేళ్ళ కిందట శ్రుతి చేసిచ్చిన కంచే. నాలుగో రోజు కింద అంతస్తు ఇబు తియుర్మా పైకొచ్చింది. సుమత్రా మనిషి, బతక్ తెగ ఆవిడ, గొంతు విప్పితే మెట్లన్నీ మోగుతాయి.

"ఏమ్మా, రోజూ ఐదింటికి మీ ఇంట్లో గిన్నెలు పడుతున్నాయా, నువ్వే పడేస్తున్నావా?" అంది.

"గిన్నెలు కాదండీ, గామెలాన్."

"ఏదైతేనేం. మా మనవడికి అప్పుడే కన్ను మూతపడుతుంది. ఇంకోసారి లేచాడంటే తెచ్చి నీ ఒళ్ళో పడేసి పోతా, నువ్వే జోకొట్టు!"

తరవాత మా భవనం పెద్ద వచ్చి, మూడో ఫిర్యాదు వస్తే గది ఖాళీ చేయాల్సిందేనని చెప్పి వెళ్ళాడు. ఈ ఊళ్ళో ఇంకో గది దొరకడం నా వల్ల కాదు. అందుకని హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాను.

పెదనాన్నా, ఎలా చెప్పను! కంచు పలక మీద సుత్తి పడగానే వెనకాలే ఎడమచేతి వేళ్ళు వచ్చి ఆ మోతను పట్టి ఆపుతాయి చూడండి, ఆ వేళ్ళ చప్పుడు వినిపించింది. చర్మం కంచును తాకే చప్పుడు. వాయించేవాడు ఊపిరి బిగబట్టడం వినిపించింది. ఎక్కడో బల్లి పలికింది. మీ ఒళ్ళో కూర్చుని విన్నదాన్ని, ఇవేవీ ఎన్నడూ వినలేదు. ఇంకో వింత. ఎడమ చెవిలో ఒక వాద్యం, కుడి చెవిలో దాని జోడు, విడివిడిగా ఉన్నాయి. రెండూ కలిసి మోగితే ఊగే మోత, మీరు కలిపిన అల, పోయింది. పూర్తిగా పోయింది. ఆ వింత కోసం క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ విన్నాను.

పెద్దమ్మకి నమస్కారాలు. ఇక్కడి కారం కారమే కాదని చెప్పండి.

మీ లుహ్

*

క్లుంగ్‌కుంగ్,
25 జూన్ 1994

లుహ్‌కి,

స్వస్తి. పనసచెక్క మీద బియ్యం డబ్బా పెడితే పురుగు పట్టేది బియ్యానికి కాదు, బుద్ధికి. గామెలాన్‌కి చట్రం కట్టే చెక్క అది. చెవులకి చిప్పలు తగిలించుకుని ఒక్కతివీ వినడానికి అదేమైనా దొంగతనమా? ఏడాదికి ఒక్క న్యెపీ రోజున మేం నోరు మూసుకుని ఇళ్ళల్లో కూర్చుంటాం. మీ భవనంలో రోజూ న్యెపీయేనన్నమాట.

సరే, అది పోనీ. అల పోయిందని రాశావే, ఆ మాటకి అర్థం నీకు తెలుసా? కంచరి పండేల ఇంట పుట్టిన పిల్లవి. ప్రతి వాద్యానికీ జోడు ఎందుకు చేస్తాం? ఒకటి తుమ్మెదలా ఝుమ్మంటుంది. రెండోది దాని తేనె పీలుస్తుంది. రెంటికీ వెంట్రుకవాసి తేడా పెడతాం. కలిపి కొడితే గాలి ఊగుతుంది, అదే ఓంబాక్, అల. అల లేని జోడు వంట పాత్రలతో సమానం. నలభై ఏళ్ళుగా నేను తిన్న అన్నం ఆ వెంట్రుకవాసి తేడాలోంచే వచ్చింది.

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. మీ పెద్దమ్మ దాన్ని సంతలో నలుగురికీ చదివి వినిపించింది. పట్నం పిల్ల గొప్ప చెప్పుకోవాలని ఆవిడ సరదా. "రింతిగ్ కలిపిన అల రెండేళ్ళకే పోయిందట" అని సాయంత్రానికి ఊరంతా పాకింది. అరటిపళ్ళు ఇచ్చే వంక పెట్టుకుని పక్క పేటకి పోయి జోడు కొట్టించి విన్నాను. అల ఉంది. బంగారంలా ఉంది. కానీ మన పేటపెద్ద కొంప్యాంగ్ నిన్న వచ్చి, కొత్త గామెలాన్ శ్రుతి పని నాకే ఉంచాలా, గియాన్యార్ ఊరి వాళ్ళకి ఇవ్వాలా అని నసిగాడు. అక్టోబరు ఇరవై తొమ్మిదిన వాద్యాల పూజ. అప్పటికి శ్రుతి అంతా అయిపోవాలి. ఇంకా తొమ్మిది జోళ్ళు ఉన్నాయి. కంచు ఒకసారి గీకితే మళ్ళీ అతకదని నీకు తెలుసు, మాట కూడా అంతే.

నువ్వు విన్నదేమిటో సరిగ్గా రాయి.

పెదనాన్న

*

జకార్తా,
9 జూలై 1994

పెదనాన్నకి,

ఓం స్వస్త్యస్తు. చెంపలేసుకుంటున్నాను. నేను మెచ్చుకుంటూ రాసిన మాట ఊరికి వెళ్ళేసరికి నింద అయింది. పెద్దమ్మని సంతలో నా ఉత్తరాలు చదవద్దనండి, ప్లీజ్.

మీ కంచుకి ఏ లోపమూ లేదు. ఆ క్యాసెట్ తీసిన దెన్‌పసార్ రేడియో ఆయన్ని అడిగి కనుక్కున్నాను. మీరు ఆరోజు ఊళ్ళో లేరట. ఆయన జోడులో ఒక వాద్యాన్ని పందిట్లో, రెండోదాన్ని గోడ అవతల పెట్టించి, దేని మైకు దానికి దగ్గరగా పెట్టాడట. ఒకటి ఎడమ చెవికీ ఒకటి కుడి చెవికీ పంపడానికి. గోడమీంచి ఒకళ్ళనొకళ్ళు వింటూ వాయించారట. పెట్టెల్లోంచి విన్నప్పుడు ఆ రెండూ గదిలో కలుసుకునేవి. హెడ్‌ఫోన్స్‌లో కలవడానికి చోటు లేదు. అంతే. (ఎవరన్నారు గోడకి అటొకటి ఇటొకటి పెట్టమని, అని మీరు అరవడం నాకు ఇక్కడికి వినిపిస్తోంది.)

మీరే విని కొంప్యాంగ్ గారికి చెప్పండి. చిన్న టేప్ రికార్డరు, హెడ్‌ఫోన్స్, క్యాసెట్ బస్సు డ్రైవరు దర్స చేతికిచ్చి పంపుతున్నాను. ఎర్ర చుక్క ఉన్న చిప్ప కుడి చెవికి. అది లేక ఈ రోజుల్లో నా సాయంత్రాలు చప్పగా ఉంటాయి, అయినా ఫరవాలేదు. ఇబు తియుర్మా నిన్న మెట్లమీద ఆపి, "ఏమ్మా, గిన్నెలు పడటం లేదే, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

మీ లుహ్

*

క్లుంగ్‌కుంగ్,
2 ఆగస్టు 1994

లుహ్‌కి,

స్వస్తి. దర్స క్షేమంగా తెచ్చిచ్చాడు. బజారులో నిన్ను మోసం చేశారు తల్లీ.

వాకిట్లో కూర్చుని, ఎర్ర చుక్క కుడివైపే పెట్టుకుని విన్నాను. ముందు నువ్వు చెప్పింది నిజమని ఒప్పుకుంటాను. వేళ్ళ చప్పుడు విన్నాను. వాయించేది మన కొలిమిలో పనిచేసే లొచెంగ్ అని, వాడి బొటనవేలు వాటాన్ని బట్టి చెప్పేశాను. నలభై ఏళ్ళలో కంచును అంత దగ్గరగా విన్లేదు. నేను పనిచేసే పలకకి కూడా అంత దగ్గరికి పోలేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి, పొగ అని చెప్పాను.

కానీ వినిపించింది తుమ్మెద ఒక్కటే. దాని జోడు లేనేలేదు. క్యాసెట్ మొదలునుంచి చివరిదాకా విన్నా అంతే. ఆ రేడియో వాడు రెండోదాన్ని రికార్డు చేయనే లేదు, లేదా ఎడమ చిప్ప చచ్చిపోయింది. జోడును విడదీసి ఒక్కదాన్నే వాయించడం అశుభం, మనలో ఎవరూ చేయరు. మీ పెద్దమ్మ పెట్టుకుని విని, "రెండూ ఉన్నాయిగా" అంటుంది. నా మాట కాదనడానికే ఆవిడ పుట్టింది. ఆవిడకి గంటకీ గరిటెకీ తేడా తెలియదు.

ఆ కొట్టువాడి దగ్గరికి పోయి గట్టిగా అడుగు. బిల్లు ఉందా?

ఇక్కడ కొంప్యాంగ్ ఇంకా ఏమీ తేల్చలేదు. నేను మాత్రం పని ఆపలేదు, అయిదు జోళ్ళు అయ్యాయి.

పెదనాన్న

*

జకార్తా,
14 ఆగస్టు 1994

పెదనాన్నకి,

ఓం స్వస్త్యస్తు. ఈ ఉత్తరం మీరొక్కరే చదవండి. పెద్దమ్మకి కూడా ఇప్పుడే వద్దు.

ఒక చిన్న పని చేయండి. చిప్పలు తిరగేసి పెట్టుకోండి. ఎర్ర చుక్క ఎడమ చెవికి. అదే క్యాసెట్, మొదటినుంచి. ఏం వినిపించిందో ఉన్నదున్నట్టు నాకు రాయండి.

నేను కొట్టుకి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో మీరు విన్నాక రాస్తాను. 

మీ లుహ్

*

క్లుంగ్‌కుంగ్,
28 ఆగస్టు 1994

లుహ్‌కి,

తిరగేసి పెట్టుకున్నాను. ఈసారి తేనె పీల్చేది వినిపించింది. తుమ్మెద మాయమైంది.

చిప్పలు రెండూ బాగానే ఉన్నాయి. క్యాసెట్ బాగానే ఉంది. మీ పెద్దమ్మ చెవులు కూడా బాగానే ఉన్నాయి.

నువ్వు ముందే కనిపెట్టావు కదూ. కొట్టువాడిని ఒక్క మాట అనకుండా ఉన్నందుకు సంతోషం. ఎప్పుడు పోయిందో నాకే తెలియదు, పదేళ్ళయి ఉంటుందేమో. కొలిమి దగ్గర దాగలి మోత నాకు ఎడమవైపే, పన్నెండో ఏటినుంచి అంతే. ఎవరైనా పిలిస్తే ఎటునుంచో తెలియక చుట్టూ తిరిగి చూసేవాణ్ణి. వయసు అనుకున్నాను. పెట్టెల్లోంచి విన్నా, పందిట్లో విన్నా అన్నీ వినిపించేవి. ఏదీ తగ్గినట్టు లేదు. ఆ చిప్పలే లేకపోతే చచ్చేదాకా తెలిసేది కాదు.

ఆకురాయి కింద పెట్టేశాను. నాలుగు జోళ్ళు మిగిలాయి. ముట్టుకోను. ఒంటి చెవివాడు రెండింటిని కలపడమేమిటి? అయిపోయిన అయిదూ ఎలా ఉన్నాయో కూడా ఇప్పుడు నాకు నమ్మకం లేదు. పదేళ్ళుగా ఎన్ని పేటలకి శ్రుతి చేశానో అన్నీ గుర్తొస్తున్నాయి. కొంప్యాంగ్‌కి చెప్పి పని గియాన్యార్ వాళ్ళకి ఇప్పించేస్తాను. వాళ్ళ దగ్గర శ్రుతి చూసే మిషను ఉందట. దానికి చెవులే అక్కర్లేదు.

నీ మీద కోపం లేదు. కానీ ఇప్పట్లో ఉత్తరం రాయకు.

రింతిగ్

*

జకార్తా,
11 సెప్టెంబర్ 1994, ఆదివారం

పెదనాన్నకి,

ఓం స్వస్త్యస్తు. రాయకన్నారు, రాస్తున్నాను. పూర్తిగా చదివాక తిట్టండి.

మీ ఉత్తరం వచ్చిననాటినుంచి నన్ను ఒకే ప్రశ్న తినేస్తోంది. పదేళ్ళుగా ఒక్క చెవితోనే మీరు శ్రుతి చేస్తుంటే ఆ అలలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి? పక్క పేటలో మొన్న మీరే విన్నారు, బంగారంలా ఉందని మీరే రాశారు. ఏ చెవితో విన్నారు?

ఈరోజు మధ్యాహ్నం ఇబు తియుర్మా తలుపు కొట్టాను. "పది నిమిషాలు గిన్నెలు పడేసుకోవచ్చా అండీ?" అని అడిగాను. ఎందుకంటే చెప్పాను. మీ పేరు చెప్పకుండా, మా ఊళ్ళో ఒకాయన అని. ఆవిడ మనవణ్ణి చంకనేసుకుని నాతో పైకొచ్చేసింది. బియ్యం డబ్బా దించాను. ఆఫీసులో అడిగి తెచ్చుకున్న టేప్ రికార్డరుకి పెట్టెలు తగిలించాను. రేడియో ఆయన దగ్గర ఇంకో క్యాసెట్ తెప్పించుకున్నాను.

ఎడమ చెవిలో దూది కూరుకుని, పైన అరచెయ్యి అదిమి, మీలా విన్నాను.

పెదనాన్నా, అల ఉంది! నిండుగా ఉంది. వూఁ వూఁ వూఁ అని గదంతా ఊగింది. కుడి చెవి మూసుకుని విన్నాను. అప్పుడూ ఉంది. తలుపు బయటికి పోయి మెట్లమీదనుంచి విన్నాను. అక్కడా ఉంది. అప్పుడు స్నేహితురాలి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రెండు చెవులూ తెరిచి విన్నాను. రెండు వాద్యాలూ ఉన్నాయి, అల లేదు. నా రెండు చెవులూ నిక్షేపంలా ఉన్నాయి, అయినా నాకు అల దొరకలేదు.

అల రెండు చెవుల మధ్య పుట్టదు. గాలిలో పుడుతుంది. రెండు కంచులూ గదిలో కలిసిన చోట పుట్టి, అల రూపంలోనే నడిచి వస్తుంది. వచ్చినదాన్ని అందుకోడానికి ఒక్క చెవి చాలు. పుట్టినప్పటినుంచి దానిలో స్నానం చేస్తూ పెరిగాను, అది ఎక్కడుంటుందో నాకు ఈరోజే తెలిసింది. నేలమీద కూలబడి ఏడ్చాను. సంతోషమో భయమో చెప్పలేను. గుడిలో కూర్చున్నట్టే ఉంది.

ఇబు తియుర్మా కూడా ఒక చెవి మూసుకుని, తెరుచుకుని, మళ్ళీ మూసుకుని విన్నది. ఆవిడ చర్చిలో పాడుతుంది. "మా చర్చిలో ఇద్దరం ఇలా ఊగితే పాస్టరు బయటికి పంపిస్తాడమ్మా. మీవాళ్ళు కావాలని ఊపుతారా?" అంది. కావాలనే అన్నాను. "ఒంటి చెవితో?" అంది. అవునన్నాను. అప్పుడు ఆవిడ గొంతు తగ్గించి, "ఆ ఒకాయన నీకేమవుతాడు?" అని అడిగింది. మా పెదనాన్న అని చెప్పాను.  పది నిమిషాలు దాటినా లేవలేదు. చంకలో ఉన్న వాడు అంత మోతలోనూ నిద్రపోయాడు.

ఆకురాయి తీసుకోండి పెదనాన్నా. మీ అయిదు జోళ్ళూ బాగానే ఉంటాయి. మీకు నమ్మకం లేకపోతే నాకు ఉంది.

మీ లుహ్

*

క్లుంగ్‌కుంగ్,
31 అక్టోబరు 1994

లుహ్‌కి,

స్వస్తి. ఆలస్యమైంది. చేతినిండా పని ఉండి రాయలేదు.

నీ ఉత్తరం అందిన రోజున నమ్మలేదు. పిల్ల ఓదార్చడానికి రాసింది అనుకున్నాను. మర్నాడు అయిపోయిన జోడులో ఒక జత పలకలు మీ పెద్దమ్మ చేత కొట్టించి, పెరట్లో నడుస్తూ విన్నాను. అరటిచెట్ల దగ్గర విన్నాను, పందుల దొడ్డి దగ్గర విన్నాను. ఎక్కడ నిలబడితే అక్కడికి వచ్చింది. అరవై ఒక్క ఏళ్ళు వచ్చాయి నాకు. అల నా చెవిలో నేనే చేస్తున్నానని ఇన్నాళ్ళూ ఎంత గర్వపడ్డాను! నేను కాస్త కంచు గీకుతాను, అంతే. మిగతాది గాలి చేసుకుంటుంది.  చేతులు జోడించి ఎటు తిరిగి దణ్ణం పెట్టాలో తెలియక అక్కడే తిరిగాను. పందులు నన్ను చూసి బెదిరాయి.

అయినా పేటకి చెప్పకుండా మిగతా జోళ్ళు ముట్టుకోవడం నాకు తప్పనిపించింది. పూజ వాళ్ళది, వాద్యాలు వాళ్ళవి. కొంప్యాంగ్‌తో సభ పెట్టించాను. అందరూ వచ్చి కూర్చున్నాక లేచి నిలబడి చెప్పేశాను. "నా ఎడమ చెవి చచ్చిపోయింది. పదేళ్ళయి ఉంటుంది. ఒక్క చెవితోనే మీ అందరి వాద్యాలూ కలిపాను. ఇష్టముంటే ఉంచండి, లేకపోతే గియాన్యార్ వాళ్ళకి ఇవ్వండి."

  అప్పుడు కొంప్యాంగ్ తమలపాకు పక్కన పెట్టి, "ఇది చెప్పడానికా మా అందరినీ పనులు మాన్పించి రప్పించావు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఒరే రింతిగ్, నీకు ఏదైనా చెప్పాలంటే నీ కుడివైపుకి వస్తాం. నిన్ను తిట్టుకోవాలంటే ఎడమవైపుకి పోతాం. పదేళ్ళుగా ఈ పేట అంతా మనసు తేలిక చేసుకునేది నీ ఎడమ చెవిలోనే. అది బాగుపడితే మా గతేం కాను?"

సభ గొల్లుమంది. లొచెంగ్ నేలమీద పడి నవ్వాడు. నేను కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు.

"మరి తెలిసి నాకెందుకు ఇచ్చారు పని?" అని అడిగాను.

"అల పోయిందన్న మాటకి భయపడ్డాం గానీ నీ చెవికి ఎప్పుడు భయపడ్డాం? తెలిసే నీ దగ్గరికి వచ్చాం," అన్నాడు. అని, మళ్ళీ ఆకు నోట్లో వేసుకున్నాడు.

నాలుగు జోళ్ళూ పూర్తి చేశాను.  ఒంటి చెవివాణ్ణని తెలిసి చేసిన మొదటి పని అది. ఒక్కో గీత గీకి, లేచి, నడిచి, విని, మళ్ళీ కూర్చున్నాను. మొన్న శనివారం పూజ అయ్యాక, పువ్వులు ఇంకా వాడకముందే, అన్నీ ఒక్కసారి కొట్టారు. మోత తగ్గేదాకా అల పందిరంతా ఊగుతూనే ఉంది.

నీ చిప్పలు దర్సతో పంపుతున్నాను. మానకు, వాటితోనే విను. ఆ గదిలో ఉండాలంటే అదే దారి. వాటిలో వేళ్ళు వినిపిస్తాయి, అదీ చిన్న విషయం కాదు. ఆదివారాలు ఆ బతక్ ఆవిడని అడిగి పది నిమిషాలు పెట్టెలు తెరువు. ఆవిడకి నా నమస్కారాలు.

సభనుంచి వచ్చి మీ పెద్దమ్మని నిలదీశాను. "ఊరంతటికీ తెలుసట, నీకూ తెలుసా?" అన్నాను. తెలుసంది. "మరి ఒక్కసారైనా చెప్పలేదేం?" అన్నాను. "చెప్పాను. నాలుగైదుసార్లు చెప్పాను, ఎడమవైపు నుంచి," అంది. కుడివైపు నుంచి చెప్పడానికి మనసు రాలేదట.

ఆ తరవాత ఒక్కటొక్కటే లెక్కకొస్తున్నాయి. భోజనానికి ఆవిడ ఎప్పుడూ నాకు కుడిపక్కనే కూర్చుంటుంది. గుడికి వెళ్ళేటప్పుడు దారి ఎంత ఇరుకైనా కుడిపక్కకే వస్తుంది. లొచెంగ్ కొలిమిలో తన పీట ఇటువైపుకి మార్చుకున్నాడు. సభలో నాకు ఎడమ చివరి చోటు వదిలేసేవారు, అది గౌరవం అనుకున్నాను. పదేళ్ళుగా ఇంతమంది నాకు కుడివైపుకి జరిగి జరిగి కూర్చున్నారు లుహ్, ఒక్కరూ నాకు తెలియనివ్వలేదు.

మీ పెద్దమ్మ అన్నం చల్లారిపోతోందని పిలుస్తోంది. వినిపించింది, వెళుతున్నాను.

పెదనాన్న